జిలానీ దాచిన నకలు

ఏది ముందో ఏది వెనకో నేను కాస్త తారుమారు చేస్తానేమో. జరిగింది మాత్రం ఇదే.

జిలానీకి ఒళ్లు మండిపోతోంది. దర్గావాళ్ల ఉచిత వైద్యశాలలో కంప్యూటర్లన్నీ చూసుకునేది అతనే. పన్నెండేళ్లుగా వచ్చిన రోగుల వివరాలు వాటిలోనే ఉన్నాయి. రేపు అవి పాడైతే గతేమిటి, నకలు దాచే దారి చూడమని గురువు ఖుద్రతుల్లా హజ్రత్ చెప్పారు. జిలానీ మూడు నెలలు తల బద్దలు కొట్టుకుని, కంప్యూటరుకు తగిలించే ఒక చిన్న పెట్టె ఎంచాడు. రోజూ సాయంత్రం అన్నిటి నకలూ దానంతటదే తీసుకుంటుంది. దొంగలు ఎత్తుకుపోయినా చదవలేకుండా దానికో పాస్‌వర్డు. ఇదే ఖాయం చేద్దామని కాగితం రాసిస్తే, రెండు వారాలైనా హజ్రత్ సంతకం పెట్టలేదు.

పైగా నర్సు ఈశ్వరమ్మ అందరి ముందూ అడిగింది, "అందులోంచి ఎప్పుడైనా వెనక్కి తీసి చూశావా నాయనా?" అని.

"సూదులు మీరు చూసుకోండమ్మా. ఇవి నేను చూసుకుంటా" అన్నాడు.

ఆ పొద్దున విసవిసా హజ్రత్ దగ్గరికి వెళ్లాడు. ఆయన ముందు నలభై ఏళ్ల దర్జీ ఒకాయన ఖురాన్ అప్పజెబుతున్నాడు. మొదటినుంచీ గడగడా చదువుతానంటే హజ్రత్ ఒప్పుకోరు. ఎక్కడో నడుమ ఒక ముక్క అందిస్తారు. దర్జీ తడుముకుని అక్కడినుంచి అందుకోవాలి.

జిలానీ ఆగలేకపోయాడు. "నామీద నమ్మకం లేకపోతే లేదని చెప్పండి హజ్రత్! ఆ నర్సమ్మ ముందు నన్ను పనికిమాలినవాణ్ని చెయ్యడమెందుకు?"

"నీ పెట్టెకు అంతా కంఠతా వచ్చా?"

"ఒక్క అక్షరం పోదు."

"పద."

వైద్యశాలలో హుసేన్‌బీ జ్వరంతో కాలిపోతున్న కూతుర్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. "పోయినేడు ఏదో సూది వేస్తే దీనికి ఊపిరాడలేదమ్మా. ఆ మందు మళ్లీ ఎవరూ వెయ్యకూడదన్నారు. పేరేమో నాకు నోరు తిరగదు" అంటోంది. ఈశ్వరమ్మ చూసి చెబుతానని కంప్యూటరు వైపు తిరిగింది.

హజ్రత్ వెళ్లి, కంప్యూటర్లన్నిటికీ కరెంటు వచ్చే స్విచ్ దించేశారు.

"ఆ పిల్లకు పడని మందేదో నీ పెట్టెలోంచి తీసి చెప్పు" అన్నారు జిలానీతో.

ఇంతేనా అన్నట్టు జిలానీ తన ల్యాప్‌టాప్‌కు పెట్టె తగిలించాడు. అది పాస్‌వర్డు అడిగింది.

అతని వేళ్లు ఆగిపోయాయి. ఇరవై అక్షరాలు. మరచిపోకుండా భద్రంగా రాసి పెట్టుకున్నాడు. ఆ కంప్యూటర్లలోనే.

"ఒక్క నిమిషం" అంటూ స్విచ్ దగ్గరికి ఉరికాడు. దానిమీద హజ్రత్ చెయ్యి ఉంది.

"అవి కాలిపోయాయి."

"కాలిపోవడమేంటి? ఇప్పుడేగా మీరు ఆపారు! ఇది అన్యాయం హజ్రత్. ముందే చెప్పి ఉంటే..."

"నిప్పు నీకు చెప్పి వస్తుందా?"

"ఏమైంది సారూ?" హుసేన్‌బీ లేచి వచ్చింది. "పేరు దొరకలేదా? పిల్ల వణికిపోతోంది."

జిలానీ ఏదో చెప్పబోతూ హజ్రత్ వైపు తిరిగాడు.

ఆయన స్విచ్ పైకెత్తారు. "నాకు కాదు. నీ పెట్టె ఎందుకు తెరుచుకోలేదో ఆమెకు చెప్పు."

అమ్మాయ్ నాగవేణీ, వీళ్లందరూ నీకు తెలిసినవాళ్లేగా, పేర్లు సరిగ్గా రాశానో లేదో ఓసారి చూడమ్మా.