మూడు ఇటుకల పొయ్యి

ఇరవై సంతకాలు కావాలి. మెహరున్ చేతిలో మూడే ఉన్నాయి. గడువు సోమవారం.

ఏలూరు తివాచీల వీధిలో మిగిలిన మగ్గాలన్నీ ఒక క్లస్టర్‌గా, అంటే ఒకే సంఘంగా ఏర్పడితే, ఉన్నికి రంగు వేసుకోవడానికి అందరికీ కలిపి ఒక షెడ్డు కట్టిస్తామని సర్కారు వాళ్లు చెప్పారు. ఆ దరఖాస్తు పట్టుకుని మెహరున్ పది రోజులు ఇల్లిల్లూ తిరిగింది. చివరికి గురువు మస్తాన్ సాహెబ్ మగ్గం పక్కన వచ్చి కూలబడింది.

"లెక్కలో తప్పేమీ లేదు ఉస్తాద్. ముప్పై ఒక్క ఇళ్లు, ముప్పై ఒక్క రంగు పొయ్యిలు. షెడ్డు వస్తే కట్టెలు సగానికి తగ్గుతాయి. రంగు అంతటా ఒక్కలా వస్తుంది, పెద్ద ఆర్డరు వస్తే అందరం పంచుకోవచ్చు. పోయినేడు తొమ్మిది మగ్గాలు మూతపడ్డాయి. ఇది కూడా పోతే ఇంకెన్ని మిగులుతాయి?"

"మరి సంతకాలు ఎందుకు పెట్టట్లేదంట?"

"షెడ్డులో ఉడికిస్తే మా రంగు గుట్టు నలుగురికీ తెలిసిపోతుందంటున్నారు. ఎదురింటి గఫూర్ సాహెబ్ నన్ను చూడగానే తలుపేసి గడియ పెట్టుకున్నారు. లోపల రంగు ఉడుకుతోందంట. ఎంత చాదస్తం!"

ముసలాయన ముడి వేయడం ఆపాడు. "మన పెరటి తలుపు తీసి ఉందా?"

"లేదు. ఎరుపు ఉడుకుతోంది కదా..." అని మెహరున్ ఆగిపోయింది.

ఆ ఎరుపు ఆ వీధిలో ఇంకెవరికీ రాదు. ఏడేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని ముడి నేర్పిన గురువు, అందులో ఏం వేస్తాడో ఆమెకు కూడా చెప్పలేదు.

ఆయన లేచాడు. "ఆ వైపు పట్టుకో."

ఇద్దరూ పెరట్లో ఉడుకుతున్న ఎరుపు గుండిగను వీధిలోకి మోసుకొచ్చారు. గఫూర్ గుమ్మానికి ఎదురుగా ఆయన మూడు ఇటుకలు పేర్చి, మంట పెట్టాడు. తర్వాత నడుముకు కట్టుకున్న చిన్న మూట విప్పి, దారిన పోయేవాళ్లు చూస్తుండగానే గుప్పెడు చింతాకు అందులో వేశాడు.

ఎదురింటి గడియ చప్పుడైంది. గఫూర్ బయటికొచ్చి గుండిగలోకి తొంగి చూశాడు.

"చింతాకా?" అన్నాడు. "ఆ ఎరుపు నీకెందుకు రాదని ముప్పై ఏళ్లుగా మా ఆవిడ నన్ను సతాయిస్తోంది. చింతాకంట."

"నీకు ఆకు కూడా అక్కర్లేదు. వేలు ముంచితే చాలు, అంత పులుపు నీలోనే ఉంది," అన్నాడు మస్తాన్ సాహెబ్.

గఫూర్ లోపలికి వెళ్లిపోయాడు. మెహరున్ ప్రాణం ఉసూరుమంది.

కాసేపటికి తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. గఫూర్, ఆయన భార్య చెరో వైపు పట్టుకుని, పొగలు వస్తున్న పసుపు రంగు గుండిగతో మెట్లు దిగుతున్నారు.

"మా పొయ్యి సరిగా మండట్లేదు," అన్నాడు గఫూర్, ఎవరి మొహమూ చూడకుండా.

మెహరున్ గబగబా దరఖాస్తు మడత విప్పి, పెన్ను మూత తీసింది.

మస్తాన్ సాహెబ్ ఆమె చేతిమీద చిన్నగా తట్టాడు.

"కాగితం తర్వాత. ముందు ఇంకో మూడు ఇటుకలు పట్రా, బేటీ."