మొదటి గుక్క

ఎండలు ముదిరితే ఆ అడవిలో వాగు ఇసకపర్ర అయిపోయేది. అప్పుడు జంతువులన్నిటికీ ముళ్లపంది పేరమ్మ ఇసకలో తవ్వే చెలమే దిక్కు. ఆ చెలమ ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. ఎవరైనా తవ్వచ్చు, ఎవరైనా తాగచ్చు. పేరమ్మ పెట్టిన కట్టుబాటు ఒక్కటే: తవ్వినవాడే మొదటి గుక్క తాగాలి. ఎందుకంటే ఆ వాగు అడుగున ఉప్పు ఊట ఉంది. మరీ లోతుకు పోతే అది పైకి తన్నుకొస్తుంది. ఆ నీళ్లు పసిప్రాణాలకు విషం.

ఆ ఏడు పేరమ్మ గోళ్లు అరిగిపోయాయి. అదను చూసి నక్క దిగింది.

"పెద్దమ్మా, ఈ వయసులో నీకెందుకీ పాట్లు? మా ఏనుగు దొరవారు తవ్విపెడతామంటున్నారు. ఊరికేనే!"

"దొరవారికేం లాభం నాయనా?"

"నలుగురూ ఆయన పేరు చెప్పుకుంటే చాలు."

"అలాగే కానీ. మొదటి గుక్క మాత్రం ఆయనే తాగాలి."

నక్క చెవులు మూసుకుంది. "ఎంత మాట! కొండమీద మడుగులో తాగే దొరవారిని ఈ ఇసక నీళ్లు రుచి చూడమంటావా? అంత పెద్దాయన మీద నమ్మకం లేదా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా పేరమ్మనే తప్పుపట్టారు. "ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు గదత్తా! ఆయన మాటకు తిరుగేముంది?" అంది జింక లచ్చి. పేరమ్మకు సిగ్గేసింది. నిజం చెప్పొద్దూ, ఒళ్లు కూడా అలిసిపోయింది. సరేనంది. ఆ ఒక్క సరే ఎంత చేటు తెచ్చిందో!

ఏనుగు నాలుగు తొక్కుళ్లలో చెలమను నుయ్యంత చేసింది. కొన్నాళ్లు నీళ్లు తియ్యగానే ఉన్నాయి. 'దొరవారి చెలమ' అంటూ అడవంతా ఒకటే భజన. ఒకరోజు ఏనుగు ఇంకాస్త లోతుకు తవ్వి, వెనక్కి తిరిగి చూడకుండా కొండెక్కిపోయింది. లచ్చి కన్నపిల్ల అందరికంటే ముందు గెంతుకుంటూ వచ్చి, దాహంకొద్దీ కడుపునిండా తాగింది. పొద్దు వాలేసరికి ప్రాణం పోయింది.

పేరమ్మ కొండెక్కింది. నక్క దారికడ్డంగా నిలబడింది.

"మీ దొరవారి చెలమ పసిదాన్ని మింగింది. ఎవరురా దీనికి జవాబుదారు?"

"దొరవారి చెలమేమిటి పెద్దమ్మా? అది అందరిదీ అన్నది నువ్వే కదా! ఉమ్మడి బర్రె పుచ్చి చస్తే దొరవారేం చేస్తారు?"

"నిన్నటిదాకా ఆయన పేరేగా చెప్పుకున్నారు!"

"అది నీళ్లు తియ్యగా ఉన్నప్పటి మాట," అంది నక్క.

పేరమ్మ అడగాల్సిన నాడు సిగ్గుపడ్డందుకు తనను తానే తిట్టుకుంటూ కొండ దిగింది. ఆ గొయ్యి పూడ్చేసి, అరిగిన గోళ్లతోనే పక్కన చిన్న చెలమ తవ్వి, మొదటి గుక్క తాను తాగింది. నీళ్లు తియ్యగానే ఉన్నాయి. లచ్చి మాత్రం తాగడానికి రాలేదు.

ఎంత పెద్దవాణ్నయినా నమ్మండి, మొదటి గుక్క వాడిచేత తాగించాకే నమ్మండి.