ముందు సలాం ఎవరిది?

ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ చెప్పేస్తానేమో బంగారూ, ఈమధ్య అన్నీ తారుమారవుతున్నాయి. నవ్వకుండా విను.

అనగనగా పత్తి పండే ఒక ఊళ్ళో కాశింబీ అని ఒక అవ్వ. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు బుడే సాహెబు, చిన్నవాడు నాగుల్ మీరా. ఇద్దరూ కలిసి దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు.

ఒకరోజు ఒక పరుపు కుట్టు వంకరపోయింది. నీవల్లంటే నీవల్లని పోట్లాడుకున్నారు. అప్పుడు పెద్దవాడు దూది ఏకే విల్లు పట్టుకుపోయాడు. చిన్నవాడు ఆ విల్లు తీగను మోగించే కొయ్య పట్టుకుపోయాడు. ఒకటి లేకుండా రెండోది దేనికి? పని ఆగింది. చలికాలం వచ్చేస్తోంది. ఆ తీగ మోత వినబడక కాశింబీకి అన్నం సయించడం లేదు.

ఒక్క సలాం చెబితే మాట కలుస్తుంది. ఎవరు చెప్పాలి? బండి మీద పోయేవాడు నడిచేవాడికి ముందు చెప్పాలి, అది పద్ధతి. అందుకని తమ్ముడు ఎదురైతే అన్న సైకిలు దిగి నడిపించుకుంటూ పోయాడు. చిన్నవాడు పెద్దవాడికి చెప్పాలిగా అంటావా? ఆ చిన్నవాడు ఆకాశంలో కాకుల్ని చూసుకుంటూ పోయాడు!

ఆ తర్వాత అన్న టీ కొట్టు దగ్గర కూర్చుని కనబడ్డాడు. నడిచేవాడు కూర్చున్నవాడికి చెప్పాలి. అందుకని తమ్ముడు దారి మధ్యలోనే చతికిలబడ్డాడు. టీ కొట్టు ముందో, సైకిలు ముందో... సరేలే.

అప్పుడు కాశింబీ దుప్పటి ముసుగుతన్ని పడుకుని, జ్వరమని కబురు పెట్టింది. జ్వరం అబద్ధం, చలికి వణుకు నిజం. ఇద్దరూ పరిగెత్తుకొచ్చి, "అస్సలాము అలైకుం అమ్మా" అన్నారు.

"ఆ మాటకి అర్థమేంట్రా?"

"మీకు శాంతి కలగాలని," అన్నాడు చిన్నవాడు.

"నాకేనా? పక్కనున్నవాడికి అక్కర్లేదా? అల్లా తొలి మనిషి ఆదం బాబాను పుట్టించి, అదిగో ఆ కూర్చున్న దైవదూతలకు సలాం చెప్పు, వాళ్ళ జవాబు విను, నీకూ నీ పిల్లలకూ అదే పలకరింపు అన్నాడట. ఆయన వెళ్ళి చెప్పాడు. చిన్నబోయాడా? అల్లా దయ కూడా నీ మీద ఉండాలని వాళ్ళు ఇంకో మాట కలిపి జవాబిచ్చారు. పోట్లాడుకున్న ఇద్దరిలో ముందు సలాం చెప్పినవాడే మంచివాడురా!"

అంతే, ఇద్దరూ గిర్రున తిరిగి ఒక్కసారే అరిచారు: "అస్సలాము అలైకుం!"

"నేనే ముందు!"

"పో అన్నా, నువ్వు నోరు తెరిచేలోపే చెప్పేశా!"

"జవాబు చెప్పుకోండ్రా గాడిదల్లారా," అంది కాశింబీ, ముసుగు తీసి.

ఆ సాయంత్రమే విల్లూ కొయ్యా కలిశాయి. తొలి దూదితో అమ్మకు రజాయి కుట్టారు. ఎవరు ముందన్న తగువు మాత్రం ఇంకా తెగలేదు. తీగ మోగుతూనే ఉంది, వాళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు, కాశింబీ మారు వడ్డించుకుంటూనే ఉంది.

పెద్దవాడు బుడే సాహెబేనా, లేక అది చిన్నవాడి పేరా? రేపు మీ చిన్నమ్మమ్మ వస్తుందిగా, అడిగి నాకు చెప్పు, ఏం?

కథేమో కంచికి చేరింది,
కన్నేమో రజాయిలో దూరింది.