పసుపు కోటు తొడుక్కొచ్చిన నక్కపిల్ల

నేను ఉడుతని. కుదురుగా కూర్చుని కథ చెప్పడం నావల్ల కాదు. మధ్యలో లేచి రెండు కొమ్మలు తిరిగొస్తే ఏమీ అనుకోకండి. అందులోనూ ఆ రోజు సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కాలు ఒకచోట నిలవదు.

మా అడవి చివర, వాగు ఒడ్డున ఆటల తోట ఉంది. పిల్లలున్నవాళ్ళెవరైనా ఎండాకాలంలో ఒక్కసారన్నా అక్కడికి పోవాల్సిందే, లేకపోతే ఆ పిల్లలు ఇంట్లో బతకనివ్వరు. జారుడుబండ ఉంది, తీగల ఊయల ఉంది, అన్నిటికంటే మించింది వెదురు తెప్ప. ఇవతలి గట్టున ఎక్కితే అవతలి గట్టున దింపుతుంది. నడి వాగులో నీళ్ళు బండల మీద నుంచి దూకుతూ తెప్పని ఎగరేస్తాయి. పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దవాళ్ళు పైకి నవ్వుతూ లోపల వణుకుతుంటారు.

ఆ తెప్పని లాగేది రామలింగం అనే ముసలి ఎద్దు. అవతలి గట్టున ఉంటాడు. తెప్పకి కట్టిన తాడు ఆయన మెడ మీది కాడికి ఉంటుంది, ఆయన నడిస్తే తెప్ప కదులుతుంది, ఆగితే ఆగుతుంది. నీళ్ళ హోరులో ఇవతల నుంచి గొంతు చించుకున్నా ఆయనకి వినపడదు. అందుకని ఇటువైపు చదును బండ మీద శేషయ్య కొండముచ్చు నిలబడి సైగ చేస్తాడు. తోటలో పనిచేసే అందరికీ ఉన్నట్టే ఆయనకీ పసుపు కోటు, ఎర్ర టోపీ. చేతులు రెండూ పైకెత్తి దించాడంటే 'లాగు' అని. బండ మీద పసుపు రంగు లేదంటే రామలింగం ఎక్కడున్నవాడు అక్కడే ఆగిపోతాడు. వయసు మీద పడింది పాపం, ఆ దూరానికి మొహాలు ఆనవు, ఆ పసుపు ఒక్కటే ఆనుతుంది. పదకొండేళ్ళుగా అలాగే లాగుతున్నాడు, ఒక్క పిల్లకీ గోరంత దెబ్బ తగల్లేదు.

ఆ రోజు నేను మా రేగిని తీసుకుని వెళ్ళాను. రేగి నా ఒక్కగానొక్క కూతురు. గేటు దగ్గర లైను చూస్తే నాకు గుండె జారిపోయింది. కుందేళ్ళు, మేకలు, జింకలు, ఎలుగుల కుటుంబం మొత్తం! ఎండ మండిపోతోంది. రేగి నిమిషానికోసారి నా తోక పట్టి లాగుతోంది.

"అమ్మా, ఇంకెంతసేపు?"

"వచ్చేసిందే, ఆగు."

"అమ్మా, ఇప్పుడు?"

"నీ నోటికో దణ్ణం, ఆగవే తల్లీ!"

సరిగ్గా మా ముందు లైను ఆగిపోయింది. మంగతాయి అని ఒక నక్క ఉందిలెండి, నోరు తెరిస్తే ఎదుటివాడు తన మాట తనే మర్చిపోతాడు. దాని పక్కన దాని కూతురు చుక్కి. ఆ పిల్ల ఒంటి మీద పసుపు కోటు, నెత్తిన ఎర్ర టోపీ! అచ్చం పనివాళ్ళ బట్టలు, కొలత చిన్నది, అంతే. గేటు చూసే కాటమ్మ గేదె నెమరు వేస్తూ అడ్డంగా నిలబడింది.

"ఆ కోటు విప్పించు, మంగతాయీ," అంది.

"అదేంటక్కా, పిల్ల ముచ్చటపడింది. మూడు రోజులు కూర్చుని కుట్టాను. బొత్తాలు కూడా అలాంటివే వెతికి పట్టుకొచ్చాను, చూడు."

"చూశా. అచ్చం అలాగే ఉంది. అందుకే విప్పమంటున్నా."

"జానెడు పిల్లని చూసి తోటలో పనిచేసేదనుకుంటారా ఎవరైనా?"

"ఎలుగుపిల్లాడు పెళ్ళికొడుకులా వచ్చాడు, పంపాను. మేకపిల్ల ఒళ్ళంతా పులి చారలు పూసుకొచ్చింది, పంపాను. రాణిలా రమ్మను, దెయ్యంలా రమ్మను, నాకేం పట్టింపు లేదు. పసుపు కోటు మాత్రం డ్యూటీ బట్ట. అది వేసుకుని పిల్లలు లోపలికి పోవడానికి లేదు."

చుక్కి మొహం చిన్నబోయింది. నాకేసి తిరిగి, "అత్తా, నేను రోజూ గట్టు మీద నుంచి చూస్తాను. పెద్దయ్యాక తెప్ప దగ్గరే పనిచేస్తా. ఇదిగో, ఇలా," అని చేతులు రెండూ పైకెత్తి దించింది. ఎంత ముద్దొచ్చిందో! అబద్ధమెందుకు, నాకు పిల్ల మీద ముద్దు కన్నా లైను కదలడం లేదన్న చిరాకే ఎక్కువ.

"పోనీ వదిలెయ్ కాటమ్మత్తా. పసిది. ఇక్కడ మా పిల్లలు ఎండకి వేగిపోతున్నారు," అన్నాను.

కాటమ్మ నెమరు ఆపింది. "నీ కూతుర్ని తెప్ప ఎక్కించేటప్పుడు ఎవరి చేతిలో పెడతావే?"

"శేషయ్య చేతిలో."

"శేషయ్య మొహం చూసి పెడతావా, కోటు చూసి పెడతావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మంగతాయి మూతి తిప్పుకుని, "పదవే చుక్కీ, ఇదొక తోట, దీనికొక గేటు!" అని పిల్లని లాక్కుని వెళ్ళిపోయింది. ఇంటికి పోయిందనుకున్నాను. హమ్మయ్య, లైను కదిలింది.

ఇంటికీ పోలేదు, గింటికీ పోలేదు. తోట వెనకాల పనివాళ్ళు వచ్చిపోయే చిన్న గేటుంది. అక్కడ ఓబులేసు ముంగిస కాపలా. తర్వాత వాడే చెప్పాడు, వాళ్ళ మాటలు ఇలా నడిచాయట.

"ఎవరీ పిల్ల?"

"కొత్తగా పనిలో చేరింది బాబూ. మొదటి రోజు కదా, బెదురుతోంది. దిగబెట్టి పోతాను."

"ఇంత చిన్నదాన్నా?"

"పొట్టిది గానీ పనిలో పిడుగు. లోపల చేతులు చాలట్లేదని కాటమ్మక్కే పిలిపించింది. ఆలస్యమైందంటే తిట్లు తినేది నువ్వే, నాకేం!"

ఓబులేసు కోటు చూశాడు, టోపీ చూశాడు, గేటు తీశాడు. కోటు ఉన్నవాళ్ళని పంపడం, లేనివాళ్ళని ఆపడం, వాడికి చెప్పిన పని అంతే. మంగతాయికి కావలసిందీ అంతే. పిల్ల ముచ్చట పిల్లది, తల్లి లెక్క తల్లిది. ఆ కోటు చూపించి లైన్లన్నీ దాటెయ్యొచ్చని మూడు రోజులు కుట్టింది మహాతల్లి.

లోపల తెప్ప దగ్గర మళ్ళీ లైను. కాళ్ళు పీకేదాకా నిలబడితే ఎట్టకేలకు నా వంతు వచ్చింది. శేషయ్య రెండు కుందేలు పిల్లల్ని ఎక్కించాడు, మా రేగిని ఎత్తి తెప్ప అంచున నిలబెట్టాడు. పిల్లలు జారిపోకుండా వేసే అడ్డకర్ర ఇంకా వెయ్యలేదు. నేనింకా ఒక కాలు ఎత్తానో లేదో, వెనక నుంచి గొంతు.

"జరగండి, జరగండి! డ్యూటీ!"

తల తిప్పితే కంటికి ముందు పసుపు కోటు ఆనింది. నేను గబుక్కున పక్కకి జరిగాను. నేనే జరిగానండీ, నా అంతట నేనే! నా చోట్లో మంగతాయి ఒక కాలు తెప్ప మీద పెట్టేసింది.

"నువ్వా!" అన్నాను.

"అరవకు వదినా, ఒక్కసారి ఎక్కి వెళ్ళిపోతాం."

శేషయ్య గట్టు కింద అడ్డకర్ర పట్టుకుని వంగి ఉన్నవాడు తలెత్తాడు. "ఎవరమ్మా నువ్వు? లైను తెలీదా?" అని ఆయన ఇటు గద్దిస్తుండగా, అటు చుక్కి చదును బండ ఎక్కేసింది. బండ ఖాళీగా ఉంది కదా. ఎన్నాళ్ళుగానో కలలు కన్న చోటు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. చేతులు రెండూ పైకెత్తి దించింది.

అవతలి గట్టున రామలింగం అడుగు వేశాడు.

తెప్ప ఒక్క ఊపున కదిలింది. మంగతాయికి ఒక కాలు గట్టు మీద, ఒక కాలు తెప్ప మీద. నీళ్ళలో దబ్బున పడి తెప్ప అంచు పట్టుకుంది. దాని బరువుకి ఆ పక్క వంగింది. కుందేలు పిల్లలు నడిమి కర్రని వాటేసుకున్నారు. నా రేగికి పట్టుకోవడానికి ఏమీ లేదు, తడి వెదురు మీద గోళ్ళు గుచ్చుకుంటూ నీళ్ళ వైపు జారుతోంది.

"అమ్మా!"

నాకు ప్రాణం పోయింది. శేషయ్య అడ్డకర్ర పారేసి కొక్కెం ఉన్న గెడ అందుకుని తెప్పకి తగిలించాడు. గట్టు మీది వేరుకి కాళ్ళు తన్నిపెట్టి రెండు చేతులతో గుంజుతున్నాడు. ఇటు కొండముచ్చు, అటు ఎద్దు. ఎద్దుతో ఎవడు నెగ్గుతాడు? ఆయన కాళ్ళు మట్టిలో ఈడ్చుకుపోతున్నాయి. ఇంకో పది బారలు పోతే దూకుడు నీళ్ళు.

బండ మీద చుక్కి బిక్కచచ్చిపోయి చేతులు ఊపుతూనే ఉంది. ఆ ఊపే పసుపు చేతులు చూసి రామలింగం ఇంకా గట్టిగా లాగుతున్నాడు.

"కోటు విప్పు తల్లీ! కోటు విప్పెయ్!" శేషయ్య అరిచాడు.

నీళ్ళలో నుంచి మంగతాయి అంతకన్నా గట్టిగా అరిచింది. "విప్పకే! ఊపు! ఇంకా ఊపు! ఆ ఎద్దు నన్ను అవతలికి లాగెయ్యాలి!"

ఆ పిల్ల వాళ్ళమ్మని చూసింది. మా రేగిని చూసింది. అప్పటికి రేగి రెండు కాళ్ళూ నీళ్ళలో ఉన్నాయి. చుక్కి బొత్తాలు తీసే తీరిక లేక కోటుని తల మీద నుంచి చించినట్టు లాగేసి, కిందపడేసి, దాని మీద కూర్చుండిపోయింది.

బండ మీద పసుపు రంగు లేదు. రామలింగం ఆగాడు. తాడు వదులైంది.

నేనిక ఆగలేదు. శేషయ్య పట్టుకున్న గెడ మీద పరిగెత్తి తెప్ప మీదికి దూకి, రేగి మెడ పట్టి పైకి లాగాను. అది నా పొట్టకి కరుచుకుపోయింది. శేషయ్య తెప్పని మెల్లగా గట్టుకి చేర్చాడు. ఏడుపు ఆగదు, కోపం ఆగదు, గట్టు మీద అటూ ఇటూ ఎన్నిసార్లు పరిగెత్తానో నాకే తెలీదు.

రామలింగం కాడి దింపుకుని కింద రేవు దాటి ఇటు వచ్చాడు. పిల్లలందరినీ ఒక్కొక్కరినే మూతితో తడిమి చూశాడు. "దెబ్బ తగిలిందా అమ్మా? నా వల్ల తగిలిందా?" అని ఒక్కొక్కరినీ అడిగాడు.

ఈలోగా మంగతాయి నీళ్ళోడుతూ గట్టెక్కి అందరికన్నా ముందు అరుపులు మొదలుపెట్టింది. "చూశారా! కళ్ళు కనపడని ఎద్దుని పెట్టుకుని తోట నడుపుతున్నారు! మా ప్రాణాలు పోయేవి! ముందు వీణ్ణి పనిలో నుంచి తీసెయ్యండి!"

రామలింగం తల వంచుకున్నాడు. లైనులో ఒకరిద్దరు, "నిజమే కదా," అని గొణిగారు కూడా. ఆ గోల విని కాటమ్మ వచ్చింది, వెనకాలే ఓబులేసు.

"తీసేద్దాం మంగతాయీ. ముందు ఒక్క మాట చెప్పు. సైగ చేసిన నీ కూతురు ఇక్కడ పనిలో ఉందా, ఆడుకోడానికి వచ్చిందా?" అంది కాటమ్మ.

మంగతాయి ఓబులేసు వైపు ఓరగా చూసింది.

"పనిలో ఉందంటే మాకొక పద్ధతుంది. తప్పు సైగ చేసినవాళ్ళు వానలు పడేదాకా తోటలోనే ఉండి తెప్పకి పట్టిన నాచు గీకాలి. పిల్లని ఇక్కడ వదిలేసి నువ్వు బయల్దేరు."

"అయ్యో అయ్యో, పనేంటి! నిన్నగాక మొన్న పాలు మానిన పిల్ల! దానికేం తెలుసు సైగలూ గీగలూ!"

"అయితే పిల్లేనంటావు."

"పిల్ల కాకపోతే ఏంటి? ఎవరు చూసినా తెలియట్లేదా?"

"రామలింగానికి తెలియలేదు, కోటు చూసి లాగాడు. ఈ ఉడుతమ్మకి తెలియలేదు, కోటు చూసి జరిగింది. ఓబులేసూ, ఈవిడ నీతో ఏం చెప్పింది?"

"పనిలో చేరిందని చెప్పింది, నువ్వే పిలిపించావని కూడా," అన్నాడు ఓబులేసు తల గోక్కుంటూ.

మంగతాయి నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఆ నోట మాట రాకపోవడం అడవిలో అదే మొదటిసారి. గొణిగినవాళ్ళు గొణుగుడు ఆపేశారు.

"రామలింగం ఎక్కడికీ పోడు. నువ్వు నడు. వెనక గేటు నుంచి కాదు, ఈ లైను పక్కనే మొదటి నుంచి చివరిదాకా నడిచి ముందు గేటు నుంచి పో," అంది కాటమ్మ.

అది నడిచింది. తోక నుంచి నీళ్ళు కారుతుంటే, అంత పొడుగు లైను పక్కనే నడిచింది. ఎవరూ తిట్టలేదు. అది దగ్గరికి వచ్చేసరికి ప్రతి తల్లీ తన పిల్లని ఇటు పక్కకి లాక్కుంది, అంతే. ఆ కోటు బండ మీదే పడి ఉంటే శేషయ్య తీసి మడిచి లోపల పెట్టేశాడు.

చుక్కి మాత్రం నా దగ్గర ఆగింది. కళ్ళెత్తడం లేదు. "అత్తా, రేగికి బాగుందా?"

కోపంతో నా పళ్ళు ఇంకా పటపటలాడుతున్నాయి. కానీ ఆ పిల్ల అంత సరదాగా తొడుక్కున్నదాన్ని తల్లి అరుస్తున్నా వినకుండా లాగి పారేసింది కదా. అలా చెయ్యకపోతే నాకు రేగి ఉండేది కాదు.

"బాగుంది. రేపు రా. మామూలుగా రా. లైనులో నా వెనకాల నిలబడు," అన్నాను.

పిల్లల్ని కన్నవాళ్ళంతా వినండి, ఇదే నీతి: ఏ బట్టని నమ్మి పదిమంది తమ పిల్లల్ని అప్పజెబుతారో, ఆ బట్ట ముచ్చటకి తొడిగేది కాదు.