కొండ ‘ఊఁ’ అంది

అనగనగా ఒక అడవిలో, చెట్లను కూడా మింగేసే మంచుకొండ ఒకటి ఉండేదర్రా. ఎంత మంచనుకున్నారు? తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టి, ఆ పైన మా వదినగారి సిగ పెట్టినా మునిగిపోయేంత. నేను తగ్గించే చెబుతున్నాను.

ఆ కొండకు ఇవతల శృంగభూషణం అనే మేకపోతు ఉండేవాడు. పేరుకు తగ్గ కొమ్ములు. ఆ కొమ్ముల మధ్య పెట్టాల్సిన సరుకు మాత్రం, రేపు పెడదాంలే అనుకుని దేవుడు మరిచిపోయాడు. అవతలి లోయలో ఉండే చామంతితో అతగాడికి పెళ్లి కుదిరింది. మధ్యాహ్నానికే ముహూర్తం.

తెల్లారగానే బయలుదేరారు. ముందు పెళ్లికొడుకు. వెనక అతని మేనత్త వరసయ్యే జడలబర్రె బంగారమ్మ. ఆ వెనక నలభైవేల మంది చుట్టాలు. సరే, నలభై. దారి చూపడానికి సూరమ్మ అనే కుందేలు.

కొండవాలు దగ్గర సూరమ్మ ఆగింది. గబగబా మంచులో గుంట తవ్వింది. లోపలికి తొంగి చూసి చెవులు రెండూ వాల్చేసింది.

“మూడు రోజులు గాలీ మంచూ కలిసి కొట్టాయి బాబూ. పైనంతా దిబ్బరొట్టెలా గట్టిగా ఉంది. కింద చూడబోతే పంచదార పలుకులు. పంచదార మీద రొట్టె నిలుస్తుందా? కాలు పెడితే జారుతుంది. గట్టు మీదుగా చుట్టూ పోదాం,” అంది.

“చుట్టూ పోతే సాయంత్రమవుతుంది! ముహూర్తాన్ని మీ తాత ఆపుతాడా?” అన్నాడు శృంగభూషణం. “మా వంశాచారం ఒకటుంది. కొండనే అడుగుతాం.”

వాలు అంచున గిట్ట మోపాడు. “దాటమంటావా, కొండతల్లీ?” అన్నాడు.

కాళ్ల కింద మంచు ఒక్కసారిగా కుంగి, “ఊఁ...ఫ్” అంది.

“విన్నారా? ఊఁ అంది!”

“ఊఁ కొట్టలేదు నాయనా, లోపల పంచదార కూలిన చప్పుడది,” అంది సూరమ్మ.

“కుందేళ్లకు చెవులే పొడుగు, వినికిడి పొట్టి,” అని పది అడుగులు వేసి మళ్లీ అడిగాడు. మళ్లీ “ఊఁఫ్!” ఈసారి అతని గిట్టల దగ్గర్నుంచి బీట ఒకటి బయలుదేరి వాలుకు అడ్డంగా పరుగెత్తింది.

“చూశారా, దారి కూడా గీసిచ్చింది! రండర్రా!”

చుట్టాలు కదలబోయారు. బంగారమ్మ అడ్డంగా నిలబడింది. ఆవిడ నిలబడితే దారేమిటి, సూర్యుడే కనబడడు.

“ఒరే భూషణం, నేను కాలు పెడితే కొండ ఊఁ అనదురా, నాతోపాటు పెళ్లికొస్తుంది! వెనక్కి రా!”

“మీరు తీరిగ్గా ఎంగిలాకులు ఎత్తే వేళకు రండత్తా!”

వాలు నడుమకు పోయి మూడోసారి అడిగాడు. ఎంత మర్యాదగల కొండ! మూడోసారీ జవాబిచ్చింది. వాలంతా పలకలు పలకలుగా పగిలి, ఏడు ఊళ్ల రథాలు ఒక్కసారే దొర్లినట్టు కిందికొచ్చింది. మంచు పొగ తగ్గాక చూస్తే పెళ్లికొడుకు లేడు.

సూరమ్మ పైకి చూసింది. జారడానికి ఇంకేమీ మిగల్లేదని తేల్చుకుంది. అతను చివరిసారి కనబడ్డ చోటు నుంచి కిందికి వెతుక్కుంటూ పరుగెత్తింది. మంచులోంచి వేలెడు కొమ్ము మొన.

“ఇక్కడ! తవ్వండి!”

నలభై మందీ తవ్వారు. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి పోయేదే. బయటికి లాగేసరికి ముఖం నీలం, ఒక కొమ్ము లేదు.

గట్టు మీదుగా చుట్టూ తిరిగి పొద్దువాలే వేళకు పందిరి చేరారు. చామంతి మేనమామ ఎదురొచ్చాడు.

“ముహూర్తం దాటిపోయింది అల్లుడూ. ఇంకోటి పెట్టిస్తాం. ఊఁ అను, చాలు.”

ఆ మాట చెవిన పడగానే శృంగభూషణం ఎగిరి పందిరి మీద కూర్చున్నాడు!

చామంతి సూరమ్మను అడిగి జరిగిందంతా విన్నది. పందిరి కిందికొచ్చి తలెత్తింది.

“దిగండి. మన ఇంట్లో ఎవరూ ఊఁ అనరులెండి. ఈసారి ముందురోజే బయలుదేరతారా?”

“అవునండీ,” అన్నాడు ఒంటికొమ్ము పెళ్లికొడుకు. “సూరమ్మగారి వెనకే. చుట్టూ తిరిగే.”

నీతి: ముందే తేల్చుకున్నవాడికి హెచ్చరిక కూడా ‘ఊఁ’ లాగే వినిపిస్తుంది. తవ్వి చూసినవాళ్ల మాట వింటే పోయేది ముహూర్తమే, ప్రాణం కాదు.