అరచేతిలో ఎముక

దస్తగిరి కూతురికి ముట్టుకుంటే ఎముక విరుగుతోంది. అతనేమో విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడు. చెట్ల మీంచి పడ్డవాళ్లనీ ఎద్దు కుమ్మినవాళ్లనీ ఎందరినో లేపి నడిపించాడు. ఇంట్లో నాలుగేళ్ల పిల్లని మాత్రం నిలబెట్టలేకపోయాడు.

కట్టు వదులైతే ఎముక వంకర పోతుంది, మనిషి ఏడ్చినా సరే బిగించాలి. ఆ విద్యలో మొదటి పాఠం అదే. పిల్ల ముంజేయి విరిగినప్పుడు దస్తగిరి వెదురు బద్దలు పెట్టి, తెల్లసొనలో తడిపిన గుడ్డ చుట్టి, ఎప్పటిలాగే బిగించాడు. ఆ బిగింపుకి మోచేతి పైన ఇంకో ఎముక విరిగింది. అది విరగడం అతని వేళ్లకే తెలిసింది.

ఆ రోజు నుంచి అతను పిల్లని ముట్టుకోలేదు. "నాయనా, ఎత్తుకో" అని అది మంచం మీంచి అడిగితే బయటికి వెళ్లిపోయేవాడు. తన చేతులు చూసుకుంటే తనకే అసహ్యం వేసేది.

చివరికి, తనకు విద్య నేర్పిన జమాల్ ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు. ఆయన కొండ కింద దర్గాలో ఉంటాడు, మాటలు తక్కువ. దస్తగిరి జరిగిందంతా చెప్పుకుని ఏడ్చాడు. పాలల్లో సున్నపుతేట కలిపి తాగించాననీ, గుడ్డు పెంకులు నూరి తినిపించాననీ, ఇంకేం పెడితే ఆ ఎముకలు గట్టిపడతాయో చెప్పమనీ బతిమాలాడు.

ఉస్తాద్ లేచాడు. దర్గాలో కందూరి విందుకు వండిన కోడి ఎముకలు కొన్ని ఏరాడు. ఒకదాన్ని చెరుకురసం పులియబెట్టిన పుల్లటి సిర్కా జాడీలో వేసి, మిగతావి పొయ్యిలో నిప్పుల కింద పెట్టాడు. కొన్నాళ్లు ఇక్కడే ఉండమన్నాడు.

ఒక ఉదయం జాడీలోది తీసి అతని చేతికిచ్చాడు. చూడ్డానికి ఎముకే. వంచితే తాడులా వంగింది.

"సున్నమంతా పులుపు తినేసింది. మిగిలింది పోగు. కంటికి ఆననంత సన్న పోగులు. వాటి సందుల్లో సున్నం పేరుకుంటేనే ఎముక" అన్నాడు ఉస్తాద్.

తర్వాత పొయ్యిలో కాలిన ఎముక ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. తెల్లగా, చెక్కు చెదరకుండా ఉంది. దస్తగిరి వేళ్లతో పట్టుకుని ఎత్తబోయాడు. పొడైపోయింది.

"దీంట్లో సున్నం రవంత కూడా తగ్గలా. పోగు కాలిపోయింది. నీ బిడ్డకు పుట్టుకతోనే ఆ పోగు సరిగా పడలా."

"పోగుకు మందేముంది ఉస్తాద్?"

"లేదు."

దస్తగిరి వేళ్లకంటిన పొడిని చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడో ఏదో ఒక మందు ఉండకపోదన్న ఆశతోనే ఇంత దూరం వచ్చాడు. ఇప్పుడదీ పోయింది. ఏడుపు కూడా రాలేదు.

ఉస్తాద్ మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లాడు. కాలిన ఎముక ఇంకొకటి అరచేతిలోకి జార్చుకుని, మెల్లగా వాకిలంతా దాటి వచ్చి నిలబడ్డాడు. అది అలాగే ఉంది. దస్తగిరి చాలాసేపు చూశాడు. తర్వాత తన రెండు అరచేతులూ కలిపి చాపాడు. ఉస్తాద్ ఎముకని వాటిలోకి వదిలాడు.

"ఎన్నాళ్లుంటుంది ఉస్తాద్?"

"నాకు తెలీదు."

దస్తగిరి ఎముక మీంచి చూపు తిప్పకుండా చేతులు అలాగే చాపి ఉంచాడు. ఉస్తాద్ వాటి కింద తన చేతులు పెట్టాడు.

"ఇంటికి పో. బిడ్డ నిన్ను ఎత్తుకోమంది. నయం చెయ్యమని అడగలేదు కదా."