బాబా ఎత్తిన మందుగిన్నె

రండమ్మా, రండి. ఇంకొంచెం ముందుకు జరగండి. అదిగో, గోడకు ఆనుకున్న పెద్దాయనా, మీరు కూడా ఇటు రావాలి. ఈ కథ దూరంగా కూర్చుంటే సగమే చేరుతుంది. పిల్లల్ని ఒళ్లోకి తీసుకోండి. దేవుణ్ణి మీరు ఏ పేరుతో పిలుచుకుంటారో ఆ పేరు మనసులో ఒకసారి అనుకోండి. అనుకున్నారా? ఇక వినండి.

చిత్రావతి ఏటి ఒడ్డున ఒక దర్గా. దర్గా పక్కనే ఒక దవాఖానా. దాన్ని నడిపేది ఇద్రీస్ బాబా. ఎనభై ఏళ్ల సూఫీ. మంచి హకీం. ఒక చేత్తో జపమాల తిప్పుతూ ఇంకో చేత్తో నాడి చూసేవాడు. ఆయన గడపలో ఎవరి కులమూ అడిగేది లేదు, ఎవరి దేవుణ్ణీ అడిగేది లేదు. ఒంట్లో బాగాలేదంటే చాలు, ఒక మంచం, ఒక దుప్పటి, ఇంత వేడి గంజి.

ఆ బాబాకు ఖలీల్ అని ఒక శిష్యుడు. తొమ్మిదేళ్ల శిష్యరికం. మణికట్టు మీద వేళ్లు పెడితే చాలు, రోగి నోరు తెరవకముందే రోగం చెప్పేస్తాడని నాలుగూళ్లలో పేరు. ఆ పేరే తలకెక్కింది. "అడిగి తెలుసుకునేవాడు హకీం ఎట్లా అవుతాడు? నాడే చెబుతుంది" అనేవాడు. నాడి పట్టే ముందు ఎడమచెయ్యి పైకెత్తేవాడు. ఆ చెయ్యి లేచిందంటే దవాఖానాలో దగ్గొచ్చినా మింగెయ్యాల్సిందే!

ఒకరోజు అతను గురువు దగ్గరికి వచ్చి మొర పెట్టుకున్నాడు.

"బాబా, ఈ మనుషులతో నేను వేగలేను."

"ఏ మనుషులతో నాయనా?"

"ఆ ఓబులమ్మ ఉంది. గంజి పోసేది పొయ్యకుండా, ఎవడు ఎన్నిసార్లు లేచాడు, ఎవడు ఎట్లా మూలిగాడు అని పురాణం చదువుతుంది. దస్తగిరి తాత మందు నూరుతూ నూరుతూ రోకలి ఆపి, ఇది ఎవరికి, ఎందుకు, ఇంత ఎందుకు అని ఆరా తీస్తాడు. మంచాలు జరిపేవాళ్లూ మందు నూరేవాళ్లూ నాకు వైద్యం నేర్పాలా? మీరొక మాట చెప్పి వాళ్ల నోళ్లు కట్టించండి."

బాబా నవ్వాడు. నమాజు వేళ అయిందని లేచి వెళ్లిపోయాడు.

మరి వాళ్ల నోళ్లు ఎవరు కట్టారంటారా? ఖలీలే కట్టాడు! ఆ సాయంత్రమే ఇద్దర్నీ పిలిచి చెప్పేశాడు. "నేను రోగి దగ్గర ఉన్నంతసేపు ఎవరూ నోరు మెదపకూడదు. మెదిపితే ఈ దవాఖానాలో మీకు పని లేదు." మొగుడు పోయాక ఓబులమ్మకు కూడు పెడుతున్నది ఆ పనే. దస్తగిరి తాతకు వెళ్లడానికి ఇంకో చోటు లేదు. ఇద్దరూ తలలూపారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. దగ్గరికి జరగండి!

పుష్యమాసం. ఎముకలు కొరికే చలి. ఖలీల్ పొరుగూరిలో రెండు రోజులు వైద్యం చేసి, తెల్లవారుతూనే తిరిగొచ్చాడు. ఆ రెండు రోజుల్లో దవాఖానాకు ఇద్దరు కొత్త రోగులు వచ్చారు. బాబా కాళ్లు కడుక్కుంటూనే శిష్యుడికి ఒప్పజెప్పాడు.

"మూడో మంచానికి ఐదు రోజులుగా విరేచనం లేదు, కడుపు బండలా ఉంది. నేపాళం పట్టు. నాలుగో మంచానికి జిగట విరేచనాలు. దానిమ్మ తొక్క కషాయం ఇవ్వు."

చెప్పి నమాజుకు వెళ్లాడు.

నేపాళం గింజ సంగతి పెద్దవాళ్లకు తెలుసు. శుద్ధి చేసి చిటికెడులో చిటికెడు ఇస్తే బండలాంటి కడుపైనా కదిలిపోతుంది. అంత ఘాటు మందు! మరి అదే మందు, అప్పటికే ఒంట్లో నీళ్లన్నీ పోయి ఎండిపోయినవాడి గొంతులో పడితే? మధ్యాహ్నం దాకా కూడా నిలవడు.

ఆ దవాఖానాలో ఒక అలవాటుంది. చలికాలంలో పొద్దు పొడవగానే వసారాలోకి ఎండ పడుతుంది. ఎండ ఎటు జరిగితే ఓబులమ్మ మంచాలను అటు లాగుతుంది. అందరికంటే నీరసంగా ఉన్నవాడికి ముందు ఎండ. ఆ పొద్దు కూడా అట్లాగే లాగింది. మూడో మంచం వెనక్కి పోయింది. నాలుగోది మూడోదాని చోటికి వచ్చింది.

ఖలీల్ మందుగిన్నెతో వసారాలోకి వచ్చాడు. ఒకటి, రెండు, మూడు. మూడో మంచం మీద మనిషి ముక్కుదాకా గొంగళి కప్పుకుని వణుకుతున్నాడు. ఖలీల్ పక్కన కూర్చున్నాడు. ఎడమచెయ్యి ఎత్తాడు.

గంజికుండ పట్టుకుని వస్తున్న ఓబులమ్మ ఆగిపోయింది.

నాడి నూలుపోగులా సన్నగా కొట్టుకుంటోంది. 'ఐదు రోజులుగా కడుపు కదల్లేదు కదా, తిండి సయించి ఉండదు, సన్నగానే ఉంటుంది' అనుకున్నాడు ఖలీల్. చూశారా! నాడి చెబుతూనే ఉంది. అతను మాత్రం తనకు ముందే తెలిసిన దానితో దాన్ని సరిపెట్టేశాడు.

ఓబులమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఖలీల్ ఆమెవైపు ఒక చూపు చూశాడు. ఆమె కొంగు తీసి నోట్లో కుక్కుకుంది. అవతల దస్తగిరి తాత రోకలి గాల్లోనే ఆగిపోయింది. తను నూరింది ఎవరికోసమో, అది ఎవరి నోటి దగ్గరికి పోతోందో ఆయనకూ కనబడుతోంది. కానీ చిన్న హకీంకు తెలియదా అనుకున్నాడు. మంచం మీది మనిషి కూడా గిన్నెలోకి చూసి ఏదో అనబోయి, పెద్దవాళ్లకు తెలియనిదా అని నోరు తెరిచాడు. మందు తాగడానికి!

గిన్నె పెదవికి తగలబోతోంది.

సరిగ్గా అప్పుడే బాబా నమాజూ జపమూ ముగించుకుని వసారా మెట్లు ఎక్కాడు. నోట్లో కొంగు కుక్కుకున్న ఓబులమ్మను చూశాడు. గాల్లో నిలిచిన రోకలిని చూశాడు. ఎనభై ఏళ్ల మనిషి, నాలుగే అంగల్లో మంచం దగ్గరికి వచ్చేశాడు! శిష్యుడి చేతిలోంచి గిన్నె అందుకున్నాడు.

"ఇటివ్వు ఖలీల్. ముందు నేను తాగి చూస్తాను."

గిన్నె ఎత్తి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

అంతే! దవాఖానా దద్దరిల్లిపోయింది.

"వద్దు బాబా! తాగొద్దు!" ఓబులమ్మ గంజికుండ వదిలేసింది. అది భళ్లున పగిలింది. "అది నేపాళం బాబా! ఆ మంచం నేను జరిపినా! ఈయన గొర్రెలు కాసే నారప్ప, రాత్రి నుంచి పదకొండు తూర్లు లేచినాడు, గుడ్డలు ఉతికింది నేనే!"

"ఆ మందు కంబగిరికి నూరినాను!" రోకలి చేత్తో పట్టుకునే దస్తగిరి తాత పరుగెత్తుకొచ్చాడు. "బండి తోలే కంబగిరికి! అదిగో, ఆ మూల ఉండాడు!"

"ఔ సామీ, నేనిక్కడ ఉండా!" అని మూల మంచం మీంచి కంబగిరి చెయ్యెత్తాడు. "కడుపు పగిలిపోతాంది, ఆ గిన్నేదో ఇటు రానీండి!"

గొంగళిలోంచి నారప్ప సన్నగా అన్నాడు. "నాకు విరేచనాలు కట్టే మందు కదా ఇయ్యాల, తోడే మందు ఇస్తాండారే అనుకుంటి."

బాబా గిన్నె దించాడు. దాన్ని మెల్లగా నేలమీద పెట్టాడు.

ఖలీల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. గురువు కాళ్లమీద పడబోయాడు. బాబా పడనివ్వలేదు. తన రెండు చెవులూ తనే పట్టుకున్నాడు.

"తప్పు నాది కూడా నాయనా. నీకు మంచాన్ని చెప్పాను, మనిషిని చెప్పలేదు."

"బాబా, నన్ను పంపించెయ్యండి. నేను ఈ పనికి తగను."

"నిన్ను పంపిస్తే ఆ కషాయం ఎవరు పడతారు? నారప్ప వణుకుతున్నాడు, ముందు అది చూడు." బాబా లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నా ప్రాణానికి అరిచిన గొంతు అతని ప్రాణానికి ఎందుకు అరవలేదో, అది ఒక్కటి కనుక్కో."

అని వెళ్లి, పగిలిన కుండపెంకులు తనే ఏరడం మొదలుపెట్టాడు.

ఖలీల్ నారప్పకు దానిమ్మ తొక్క కషాయం పట్టాడు. పడుతూ మొదటిసారి అడిగాడు, "నీ పేరేంది అన్నా?" అని. తర్వాత ఓబులమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె గోడను కరుచుకుని నిలబడి ఉంది. పని పోయిందనే అనుకుంటోంది పాపం.

"అక్కా, అతనికోసం ఎందుకు అరవలేదు?"

ఆమె తల దించుకుంది. "మీరు చెయ్యెత్తినారు కదా సామీ."

ఖలీల్ నేలమీది గిన్నె తీసుకుని మూల మంచం దగ్గరికి నడిచాడు. కంబగిరి గబుక్కున లేచి కూర్చుని చెయ్యి చాచాడు. ఖలీల్ ఇవ్వలేదు. గిన్నెను పీట మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఓబులమ్మక్కా, దస్తగిరి తాతా, ఇట్లా రండి. ఈయన ఎవరు? ఈ గిన్నెలో ఏముంది? ఎందుకు ఇస్తున్నాం? మీ నోటితో చెప్పండి."

వాళ్లు వచ్చారు. తాత తన మాట తాను చెప్పాడు. ఓబులమ్మ మాత్రం మాట్లాడదు. అలవాటు తప్పించుకోవడం అంత సులువా? కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడింది.

ఖలీల్ గిన్నె ముట్టలేదు. ఆగాడు. ఇంకా ఆగాడు.

"తల్లీ, నీకు దండం పెడతా!" అన్నాడు కంబగిరి కడుపు పట్టుకుని. "నా పేరు కంబగిరి అని చెప్పవే! నువ్వు చెప్తేగానీ ఈయన ఇచ్చేట్టు లేడు!"

వసారా అంతా గొల్లున నవ్వింది. నారప్ప కూడా గొంగళిలోంచి నవ్వాడు. ఓబులమ్మకూ నవ్వు ఆగలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది.

"ఈయన కంబగిరి. ఐదు దినాల నుంచి వెలికి పోలేదు. ఇంకొక మాట సామీ... రాత్రి రెండు తూర్లు వాంతి చేసుకున్నాడు. మీరు నోరు మెదపొద్దంటిరి, చెప్పలేకపోతి."

ఖలీల్ గురువు వైపు చూశాడు. బాబా కుండపెంకులు ఏరుతూనే ఉన్నాడు. తలెత్తలేదు. కడుపు బిగిసి వాంతి కూడా అయిందంటే పేగుకు అడ్డం పడిందేమో, అప్పుడు నేపాళం ఇతనికీ ప్రమాదమే. ఖలీల్ గిన్నె పక్కకు పెట్టేసి, కంబగిరి పొట్ట మీద మెల్లగా చెయ్యి వేశాడు.

"ఇంకా చెప్పక్కా" అన్నాడు.

అదీ కథ. ఇద్దరూ బతికారు, దేవుడి దయ. ఇళ్లకు పోయేముందు నాదొక్క మనవి. ఇందులో ఇంకేం మరిచిపోయినా ఫర్వాలేదు, ఒక్క పని గుర్తుంచుకోండి. అతను గిన్నె కింద పెట్టాడు, పక్కనున్న మనిషి నోరు విప్పేదాకా ఆగాడు. రేపు మీరూ ఒక్కసారి ఆ పని చేయండి. ఎల్లుండి మళ్లీ చేయండి.